తడిగుడ్డ కింది ముఖం

ఆ ఎండాకాలం హెడ్మాస్టరు మా గుమ్మంలో నిలబడేసరికి నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఆయన బెత్తం. మనిషి వంగిపోయాడు, జుట్టు ముగ్గుబుట్టయింది, ఉద్యోగం దిగిపోయి పదేళ్ళు దాటింది. అయినా నా అరచేతులు వాటంతట అవే మూసుకున్నాయి.

ఆయనకు నేను గుర్తులేను. ఎందుకుంటాను? ఏడో తరగతితో మానేసినవాళ్ళందరినీ గుర్తుపెట్టుకుంటే ఆయన బుర్ర చాలదు. నాకు మాత్రం ఆ రోజు పాఠంతో సహా గుర్తుంది. తెల్లదొరల మీద తిరగబడి పందొమ్మిదేళ్ళకే ప్రాణం పోగొట్టుకున్న ఒక కుర్రాడి గురించి చరిత్ర పుస్తకంలో పన్నెండు లైన్లు రాశారు. తంతి తీగలు కత్తిరించి పటాలాన్ని రెండు రోజులు రాకుండా ఆపాడనీ, చేతిలో తుపాకీతో వంతెన దగ్గర పోరాడుతుంటే కాల్చి చంపారనీ, శవాన్ని తీసుకెళ్ళడానికి కూడా ఎవరూ రాలేదనీ. నేను లేచి నిలబడి, "ఆయన మా పెదనాన్నండీ" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

"ఆయనకు నా అన్నవాళ్ళు లేరని పుస్తకంలోనే రాసుంది కదరా. పుస్తకం అబద్ధమా, నువ్వు అబద్ధమా?" అంటూ ఆయన బెత్తం అందుకున్నాడు.

వాచిన చేతులతో ఇంటికొచ్చి చెబితే, నాన్న ఊరడించలేదు సరికదా, "ఆ మాట బయట ఎందుకన్నావురా?" అని ఇంకో రెండు తగిలించాడు. మర్నాటి నుంచి నేను బడి మొహం చూడలేదు. విగ్రహాలు చేసే షెడ్డులో మట్టి పిసికే పనికి కుదిరాను. ఆ వేసవికి ముప్పై ఏళ్ళు నిండాయి, ఇంకా పిసుకుతూనే ఉన్నాను.

అలాంటి హెడ్మాస్టరు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, చెప్పులు వీధిలోనే విప్పి, వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్త ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అత్త అంటే కాలం చేసిన మా నాన్నకు అక్క. నన్ను పెంచింది ఆవిడే. డెబ్బై దాటాయి. రెండు కళ్ళకీ ఎప్పుడో పొర కమ్మింది. మనిషి ఎదురుగా నిలబడితే వెలుతురు తగ్గిందని మాత్రం తెలిసేది.

"అమ్మా, కూడలిలో మీ అన్నగారి విగ్రహం పెడదామని కమిటీ వేశాం" అన్నాడు హెడ్మాస్టరు.

"ఏ అన్న? మాకు అన్నల్లేరే" అంది అత్త, చేతిలో కాయ ఆపకుండా.

ఆ మాట మా ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకీ నాలుక చివరే ఉండేది. చిన్నపిల్లలకు పేరు చెప్పడం నేర్పినట్టు మాకు ఈ మాట నేర్పారు.

"ఇంకా దాచడమెందుకమ్మా? ఆయనతో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన మొన్న పోతూ పోతూ అన్నీ చెప్పి పోయాడు. వీధి, ఇల్లు, మీ నాన్నగారి పేరు. దొరలు పోయి ఎంత కాలమైంది! ఇక భయమేముంది?"

"దొరలు పోయారని మా నాన్నకు ఎవరూ చెప్పలేదు నాయనా" అంది అత్త. "చచ్చేదాకా పగలు కూడా తలుపు గడియ వేసుకునే కూర్చున్నాడు."

కమిటీవాళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని ఫోటో ఏమైనా ఉందా అని అడిగాడు.

"ఒకటుండేది. పోలీసులు వీధి మలుపు తిరిగారని తెలియగానే మా అమ్మ పొయ్యిలో పెట్టింది. అట్ట ఫోటో, త్వరగా కాలదు. పుల్లతో ఎగదోస్తూ కూర్చుంది."

"అయ్యయ్యో! మరి ముఖం ఎలా తెలుస్తుంది?"

అత్త ఒలిచిన గింజలున్న పళ్ళెం పక్కకు జరిపింది. "ముఖం నా దగ్గరుంది" అంది.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ లోపలి నుంచి వచ్చి, "ఇన్నాళ్ళూ గుర్తురానివాళ్ళు ఇవాళ చెప్పులు విప్పుకుని మరీ వచ్చారు. ఎండ దెబ్బ తగిలిందేమో చూడండి" అంది. ఆవిడకు అన్నీ ముందే తెలుస్తాయి. నేనే ఎప్పుడూ ఆలస్యం.

అత్త మాత్రం ఆ సాయంత్రం నా చొక్కా పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒరే, ఆ విగ్రహం నీ చేత్తోనే చెయ్యి. నేను పక్కన కూర్చుని చెబుతాను. అయ్యాక నలుగురి ముందు నన్ను నిలబెట్టు. ఒక్క మాట అనాలి."

"ఏం మాట?"

"మావాడే అని."

*

మా షెడ్డు గురించి చెప్పాలి. రేకుల కప్పు, ఎండాకాలంలో లోపల నిలబడితే మనిషి ఆవిరి పట్టించుకున్నట్టే. గోడ పొడుగునా తలల్లేని మొండేలు, మేకులకు వేలాడుతున్న చేతులు, వరసగా పేర్చిన బూట్లు. చచ్చిపోయాక మనుషుల్ని అంగడిలో విడి భాగాలుగా చూడాలంటే మా షెడ్డుకి రావాలి.

మొండేలకు ఒకటో రెండో అచ్చులు ఉంటే చాలు. కోటు ఎవరి ఒంటి మీదైనా కోటే. తల మాత్రం మనిషి మనిషికీ చెయ్యాలి. అయితే కుర్రవాళ్ళ విగ్రహాలకు మా పెద్ద మేస్త్రి ఒక అడ్డదారి కనిపెట్టాడు. ఆయన దగ్గర ఒక తల అచ్చు ఉంది. వెడల్పు నుదురు, చెక్కినట్టున్న ముక్కు, మెలితిరిగిన మీసం, పైకి చూసే కళ్ళు. దాన్ని మేం 'కొత్తల్లుడు' అనేవాళ్ళం. టోపీ పెడితే సిపాయి, కళ్ళజోడు పెడితే విద్యార్థి నాయకుడు. మంటలార్పుతూ చనిపోయిన ఉద్యోగికీ అదే తల, నదిలో పిల్లల్ని కాపాడి మునిగిపోయిన పడవవాడికీ అదే తల. నేనే కనీసం పదిహేను పోశాను. ఒక్క కుటుంబం కూడా ఇదేమిటని అడగలేదు. పోయినవాడు పోయినప్పటికంటే అందంగా తిరిగొస్తే ఎవరు కాదంటారు?

"మీ పెదనాన్నకు కూడా అల్లుణ్ణి దించేద్దామా?" అన్నాడు పెద్ద మేస్త్రి, చెవి మీది పెన్సిల్ తీసి తల గోక్కుంటూ.

"మా అత్త చెబుతుంది. చేస్తాను" అన్నాను.

"చూపులేని మనిషి చెప్పడం, చదువులేనివాడు చెయ్యడం. బాగుంది" అని నవ్వాడు. చెడ్డవాడు కాదు. చెయ్యనిచ్చాడు.

రోజూ మధ్యాహ్నం పని కాస్త సర్దుమణిగాక అత్తను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేవాణ్ణి. స్టూలు మీద కూర్చునేది. ఇనుప చువ్వకు గుడ్డపీలికలు చుట్టి, మట్టి ముద్దలు పెట్టి, తల ఆకారం తెచ్చి, "చెప్పు అత్తా, నుదురు నుంచి" అనేవాణ్ణి.

"నుదురు చిన్నది. నా వేళ్ళు నాలుగు పట్టేవి." మట్టి మీద వేళ్ళు ఆనించి చూసి తనే నాలుక కొరుక్కుంది. "కాదు కాదు, అవి పదేళ్ళ పిల్ల వేళ్ళు. ఇప్పుడు మూడు."

మూడు వేళ్ళ నుదురు పెట్టాను.

"కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలుండవు. గాటు. నా పలక చూడకుండా తుడిచేశాడని అదే పలక పెట్టి కొట్టాను. రక్తం కారుతుంటే, 'తలుపు తగిలిందమ్మా' అని అమ్మకు అబద్ధం చెప్పాడు. నన్ను కొట్టకుండా."

గాటు పెట్టాను.

"ఎడమ చెవి విసనకర్ర. నేను లాగీ లాగీ అలా అయిందని అమ్మ తిట్టేది. పైపెదవి పొట్టి. నోరు మూసినా రెండు పళ్ళు గుమ్మంలో నిలబడ్డట్టు బయటే ఉండేవి. కోపంగా ఉన్నా నవ్వుతున్నట్టుండేది. అందుకే వాడి కోపానికి ఇంట్లో ఎవరూ భయపడేవాళ్ళు కాదు."

"మీసం?"

అత్త పకపకా నవ్వింది. షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. "వాడికి మీసమెక్కడిదిరా! పొద్దున్నే అద్దం ముందు నిలబడి పైపెదవి రుద్దుకునేవాడు. 'అన్నయ్యా, విత్తనాలు మొలిచాయా?' అని ఏడిపించేదాన్ని. మొలవనే లేదు."

ఒక రోజు తుపాకీ గురించి అడిగాను. పుస్తకంలో ఉంది కదా.

"తుపాకీ నేనెప్పుడూ చూడలేదు. పటకారు చూశాను, తీగలు కత్తిరించేది. పరుపు కింద పెట్టుకునేవాడు. పగలంతా ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే పని. వాళ్ళు రహస్యంగా అచ్చేసిన కాగితాలు నా పుస్తకాల సంచిలో అడుగున పెట్టి పంపేవాడు. 'ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?' అనేవాడు. 'నాకు చదవడం రాదు అంటా' అనేదాన్ని. 'మరి బడికెందుకెళ్తున్నావంటే?' 'అందుకే వెళ్తున్నా అంటా.' పడీ పడీ నవ్వేవాడు."

ఆ మాటలప్పుడు ఆవిడ ముఖం చూస్తే డెబ్బై ఏళ్ళనిపించేది కాదు. నాకు అసూయగా కూడా ఉండేది. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ పడీ పడీ నవ్వగా నేను చూడలేదు. నాన్న అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడట. అన్న పోయిన తర్వాతి ఇంట్లోనే ఆయన పెరిగాడు, ఆయన పెరిగిన ఇంట్లోనే నేను పెరిగాను.

పదో రోజో పన్నెండో రోజో, నేను గడ్డం సరిచేస్తుంటే అత్త ఉన్నట్టుండి అడిగింది. "ఆ రోజు ఠాణాకి నాన్న నన్నెందుకు తీసుకెళ్ళాడో తెలుసా?"

"తెలీదు."

"పక్కన చిన్నపిల్ల ఉంటే కొట్టరని." ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "వరండాలో వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టారు. దొర కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. జమాదారు గుడ్డ తీసి, 'మీవాడేనా?' అన్నాడు. నాన్న గోడ వైపు చూస్తూ 'కాదండీ, మావాడు కాదు' అన్నాడు. ఔనంటే ఇల్లు జప్తు, ఉద్యోగం పోవడం, అందరూ జైలుకి. అమ్మ ఒళ్ళో మీ నాన్న. ముఖం చూస్తే ఆ మాట అనలేడు. అందుకని చూడనే లేదు. జమాదారు నా వైపు వంగి 'నీకు తెలుసా పాపా?' అన్నాడు. నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. నొక్కలేదురా. ఊరికే ఉంది, అంతే. నేను తల అడ్డంగా ఊపాను."

"చిన్నపిల్లవి అత్తా."

"చిన్నపిల్లనే. కానీ నాన్న చూడలేదుగా. ఇద్దరి బదులూ నేనే చూశాను. నుదురు నుంచి గడ్డం దాకా, ఎక్కాలు బట్టీ పట్టినట్టు. తర్వాత ఇంకెవరూ చూడరని తెలుసు. ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు మాకు. కాదన్నాంగా, ఎందుకు చెబుతారు?"

అత్త లేచి, తడుముకుంటూ వచ్చి, మట్టి ముఖం మీద రెండు చేతులూ ఆనించింది. మూడు వేళ్ళ నుదురు, గాటు, పొట్టి పెదవి, పళ్ళు. అన్నీ దాటుకుని ఎడమ చెవి దగ్గరికొచ్చి, వేళ్ళ మధ్య పట్టుకుని కొంచెం లాగింది.

"వచ్చాడు" అంది. "వచ్చాడురా వాడు."

ముప్పై ఏళ్ళలో నేను చేసిన పనికి ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే.

*

మట్టి ముఖానికి తడి ఆరకూడదు. పని ఆపినప్పుడల్లా తడిగుడ్డ కప్పాలి, పొద్దునా సాయంత్రం ఆ గుడ్డ తడుపుతూ ఉండాలి. ఆ ఎండలకు ఒక్క పూట మరిచిపోయినా ముఖం నెర్రెలిస్తుంది. ప్లాస్టరుతో అచ్చు తీసేదాకా పసిబిడ్డను చూసుకున్నట్టే. కమిటీవాళ్ళు వచ్చి ఒప్పుకుంటేనే అచ్చు తియ్యడం మా షెడ్డు పద్ధతి.

వాళ్ళొచ్చిన రోజు అత్త అక్కడ లేదు. విగ్రహం తెర తీసేనాటికి వీరుడి చెల్లెలికి చూపుండాలని కమిటీవాళ్ళే పూనుకుని ఆవిణ్ణి కంటి ఆసుపత్రిలో చేర్పించారు. పొర తీస్తారన్నారు. మా ఆవిడ తోడుగా వెళ్ళింది.

నేను గుడ్డ తీసి, చేతిలో తుపాకీ బదులు పటకారు పెడతానన్నాను. హెడ్మాస్టరు కాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరితను?"

"మా పెదనాన్నండీ."

"కాదయ్యా" అన్నాడు నెమ్మదిగా. కోపం లేదు, బాధగానే అన్నాడు. "ముప్పై అయిదేళ్ళు ఆ పాఠం చెప్పాను. ఆయన గురించి చెప్పిన ప్రతిసారీ నాకొక ముఖం కనపడేది. ఇది కాదు."

పక్కనున్న కమిటీ మనిషి అందుకున్నాడు. "ఆ పళ్ళేంటి, ఆ చెవేంటి! పిల్లలు దండం పెడతారా, పళ్ళికిలిస్తారా? చేతిలో పటకారొకటి. కరెంటు పనివాడనుకుంటారు సార్."

"ఆయన చేతిలో తుపాకీ లేదండీ" అన్నాను.

"పుస్తకంలో ఉంది" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆయనకు నా అన్నవాళ్ళు లేరని కూడా పుస్తకంలోనే ఉందండీ."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. కళ్ళు చికిలించి, ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూశాడు. "ఏమిటన్నావ్?"

నా అరచేతులు మూసుకున్నాయి. "ఏం లేదండీ" అన్నాను.

నలభై దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. ఏం లేదండీ అన్నాను.

వాళ్ళు వెళ్ళాక పెద్ద మేస్త్రి నా భుజం తట్టాడు. "మనం చేసేది విగ్రహంరా, సాక్ష్యం కాదు. అల్లుణ్ణి దించు."

దించాను. పదహారోసారి. కళ్ళు మూసుకుని చేసే పనే.

మట్టి తల ఒక మూల తడిగుడ్డ కింద ఉండిపోయింది. వారం రోజులు పొద్దునా సాయంత్రం గుడ్డ తడుపుతూనే ఉన్నాను. ఎందుకు తడుపుతున్నానో నాకే తెలియదు. ఎనిమిదో రోజు విగ్రహానికి గాలికి ఎగిరే కోటు కావాలని కబురొచ్చింది. మా దగ్గరున్న అచ్చుల్లో ఎగిరే కోటు లేదు. కొత్తగా మట్టితో చెయ్యాలి, తొట్టిలో మట్టి సరిపోలేదు.

"ఆ మూలది తీసేయ్" అన్నాడు పెద్ద మేస్త్రి.

రెండు దోసిళ్ళ ప్లాస్టరు కలిపి పోసుంటే అచ్చు వచ్చేది. గంట పని. ఎవరూ వద్దనేవాళ్ళు కారు. కానీ మా పనిలో వద్దన్న ముఖానికి అచ్చు తియ్యరు, మట్టి పారెయ్యరు. అలవాటు. పైగా నాకు కడుపు మంట. ఎవరి మీదో తెలియని మంట. అత్త ఉందిగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ కూర్చోబెట్టి అడగొచ్చు అనుకున్నాను. మెడ దగ్గర తీగ పెట్టి కోశాను. చెవి నొక్కేసి, ముద్ద చేసి, తొట్టిలో వేసి, నీళ్ళు చల్లి కాలితో తొక్కాను.

సాయంత్రానికల్లా కోటు మడతలు బాగా కుదిరాయి.

*

కట్లు విప్పి సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టాక అత్త ఇంటికొచ్చింది. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయి, "ఇదేంట్రా, ఇంత ముసలాడివైపోయావు! చెప్పనే లేదే" అంది. మా ఆవిడ వైపు తిరిగి, "నీ గొంతు విని ఇంకా లావుగా ఉంటావనుకున్నానే" అంది. ఇల్లంతా తిరిగి బూజులు లెక్కపెట్టింది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లో నేను నోరు విప్పలేకపోయాను. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటుండగానే తెర తీసే రోజు వచ్చేసింది.

కూడలి నిండా జనం. అత్తను వేదిక మీద మొదటి కుర్చీలో కూర్చోబెట్టారు. పట్టుకోవడానికి పక్కన నేను. హెడ్మాస్టరు ఉపన్యాసం మొదలుపెట్టి, పన్నెండు లైన్లనూ గంటన్నర చెప్పాడు. తర్వాత తాడు లాగారు. గుడ్డ తుపాకీకి చిక్కుకుంది. ఒకడు నిచ్చెనెక్కి విడిపించాడు.

చప్పట్లు. అత్త లేచి నిలబడి, మెడ వెనక్కి వంచి పైకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఇతను?" అంది, నాకు మాత్రమే వినబడేలా.

హెడ్మాస్టరు మైకు ఆవిడ వైపు తిప్పుతున్నాడు. జనమంతా మా వైపే చూస్తున్నారు.

"ఆయనే అత్తా."

"మీసముందేమిట్రా?"

"అంత ఎత్తున పెడితే అలాగే కనిపిస్తుంది. నీ కళ్ళు కూడా కొత్తవి కదా."

కళ్ళజోడు లోంచి ఆవిడ కళ్ళు ఇంతింత పెద్దవిగా నా వైపు తిరిగాయి. "నువ్వే చేశావుగా?"

"నేనే చేశాను."

మళ్ళీ పైకి చూసింది. ఈసారి ఏదో వెతుకుతున్నట్టు, దొరకనిది తన తప్పేనన్నట్టు చూసింది. మైకు మూతి దగ్గరికొచ్చింది.

"మావాడే" అంది అత్త.

అరవై ఏళ్ళ నాటి మాట. గొంతు బొంగురుపోయి సగమే వచ్చింది. అయినా మైకు దాన్ని నాలుగు రోడ్లకీ వినిపించింది. జనం కేకలు వేశారు. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు.

నా చెయ్యి అత్త భుజం మీద ఉంది. నొక్కలేదు. ఊరికే ఉంది, అంతే.

*

ఆ తర్వాత అత్తకు ఒకటే పని. పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని కూడలికి వెళ్ళేది. చెప్పులు కుట్టేవాడి పక్కన అరుగు మీద కూర్చుని విగ్రహం వైపు చూసేది. "ఇవాళ మీ అన్నయ్య ఏమంటున్నాడమ్మా?" అని అతను పలకరిస్తే, "కాకులు మీద వాలుతున్నాయంటున్నాడు" అనేది. దారిన పోయేవాళ్ళు ఆగి నమస్కారం పెట్టేవాళ్ళు. బడిపిల్లలు చుట్టూ చేరి కథ చెప్పమనేవాళ్ళు. చెప్పేది. కమిటీవాళ్ళు ఆ విగ్రహం ఫోటో తీయించి క్యాలెండరు వేశారు. ఒకటి మా ఇంట్లో అత్త మంచం ఎదురుగా వేలాడదీశారు. ఆవిడ లేచేసరికి ఆ ముఖమే, పడుకునేసరికి ఆ ముఖమే.

నేను కూడలి మీదుగా పోవడం మానేసి సందుల్లోంచి పనికి పోయేవాణ్ణి.

ఎండలు తగ్గి, తొలి వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం వాన వల్ల షెడ్డులో పని ఆగిపోయింది. తొట్టిలోంచి రెండు ముద్దల మట్టి తీసి, తడి గోనెలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. వసారాలో చెక్క వేసి, దాని మీద చువ్వ నిలబెట్టి, అత్తను పిలిచాను. ముఖం చేశాక నిజం చెప్పేద్దామనుకున్నాను. ముఖం చేతిలో ఉంటే చెప్పడం తేలిక అనుకున్నాను.

"ఏంట్రా ఇది?"

"చిన్నది, ఇంట్లో పెట్టుకోవడానికి. మన కోసం. చెప్పు అత్తా, నుదురు నుంచి."

ఆవిడ సంతోషంగా స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుంది.

"నుదురు వెడల్పు. ఇంత."

"మూడు వేళ్ళన్నావు కదా?"

"వేళ్ళేంట్రా? పెద్ద నుదురు. తెలివైనవాడు కదా."

చూరు నీళ్ళు వసారా అంచున టపటపా పడుతున్నాయి. నేను మట్టి పెట్టడం ఆపేశాను.

"ఎడమ చెవి?"

"చెవికేం? చక్కగా ఉండేది, తలకి అంటుకుని."

"నువ్వు లాగేదానివి."

"అన్నయ్య చెవా? నేనా? వాడంటే నాకు హడలు. వాడి చూపే అంత."

"కనుబొమ్మ మీద గాటు. పలకతో కొట్టావు. తలుపు తగిలిందని అమ్మకు అబద్ధం చెప్పాడు."

అత్త నా వైపు వింతగా చూసింది. ఎవరి కథో తెచ్చి తనకు అంటగడుతున్నట్టు చూసింది. "నీకెవరు చెప్పార్రా ఇవన్నీ?"

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"విత్తనాలు మొలిచాయా అని అడిగేదానివి అత్తా" అన్నాను. "పైపెదవి పొట్టి. రెండు పళ్ళు..."

"ఆ మీసం కింద పైపెదవి ఎక్కడ కనిపిస్తుందిరా పిచ్చివాడా!" అని నవ్వింది. "ఆ మీసం చూసే దొరలు హడలిపోయేవాళ్ళు."

నేనే చేద్దామని చూశాను. మూడు వేళ్ళు, గాటు, విసనకర్ర చెవి, గుమ్మంలో నిలబడ్డ పళ్ళు. మాటలన్నీ నా దగ్గరున్నాయి. కానీ ఏ మాట ఎంత మట్టో చెప్పింది ఆవిడ వేళ్ళు. నా వేళ్ళకు తెలిసిన దారి ఒకటే. పదహారుసార్లు పోసిన దారి. గాటు కోసం గోరు పెట్టబోతే బొటనవేలు కనుబొమ్మను నున్నగా దిద్దేసింది. పెదవి పొట్టి చెయ్యబోతే దాని మీద మట్టి దానంతట అదే మెలితిరిగింది.

అత్త ముందుకు వంగి, కళ్ళజోడు అద్దాల్లోంచి నా చేతుల్నే చూస్తోంది. నేను చెయ్యి తీశాక, చీరకొంగుతో ఆ మట్టి మీసానికి అంటిన నలుసు తుడిచింది.

"ఇదిగో" అంది మెల్లగా. "వచ్చాడు. వచ్చాడురా వాడు."

ఎన్నాళ్ళ నుంచో నిద్రలేనివాళ్ళకు నిద్ర పట్టినట్టుంది ఆవిడ ముఖం. నేను చెప్పదలుచుకున్నది చెప్పలేదు. ఎవరి కోసం చెప్పాలి? చెబితే ఆ ముఖం పోతుంది, పోయినది తిరిగి రాదు. మళ్ళీ మా ఇంట్లో అన్నల్లేరు అనుకునే మనుషులమే మిగులుతాం.

చీకటి పడ్డాక ఆ చెక్కను ఎత్తి వసారా మూలన, వాన జల్లు తగలని చోట పెట్టాను. పైన గుడ్డ కప్పాను. గుడ్డ మాత్రం తడపలేదు.